వేడి ఉక్కు, పలుచని రేకు



కొలిమియొద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. కఱ్ఱు సాగగొట్టు కమ్మరి ఇనుమును తనకు తోచినప్పుడెల్ల కొట్టడు. నిప్పులనుండి తీసిన ముక్క రంగును మొదట చూచును. ఆ యెఱ్ఱదనము మసకబాఱినతోడనే సమ్మెట నాపించి, ముక్కను మరల బొగ్గులలోనికి త్రోయును. ఎంత వేడిలో కొట్టవలెను, ఎప్పుడు ఆపవలెను, ఆపిన పిమ్మట నీటిలో ముంచవలెనా లేక బూడిదలో కప్పి తనంతట చల్లాఱనీయవలెనా, ఈ మూడు ప్రశ్నలకు సమాధాన మెఱిగినవాడే మంచి పనివాడు. నేడు నేను మనవి చేయదలచినది ఈ మూడు ప్రశ్నల చరిత్రయే. అయితే కఱ్ఱును గుఱించి కాక, మన యిండ్లలో బాల్చిగాను, డబ్బాగాను, బీరువాగాను, వంటగ్యాసు సిలిండరుగాను వచ్చి చేరిన ఉక్కురేకును గుఱించి చెప్పెదను.

ఒకే మూసలో కరగి, ఒకే పాళ్ళు గల రెండు రేకులను తీసికొనుడు. ఒకటి మడిచిన చోట చక్కగా మడతపడును. రెండవది అంచున చీలును. రెంటిని విడగొట్టి వానిలో ఏయే ధాతువులు ఎంతెంత యున్నవో లెక్కించినను భేదము కానరాదు. ఆ భేదమంతయు అవి నిప్పునుండి నీటివఱకు నడచివచ్చిన దారివలన కలిగినది.

ఈ విషయమున మన తెలుగుదేశమునందే ఒక పాత సాక్ష్యము కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో ఉక్కు చేయుచుండిరి. పారశీక దేశపు వర్తకులు అంతదూరము ప్రయాణము చేసి వచ్చి దానిని కొనిపోవుచుండిరి. సర్వే శాఖలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ కొలుములను చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము, 1832లో అచ్చుపడినది. ఈ జాతి ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాలు వఱకు నుండును. ఐరోపా కమ్మరులు దీనిని తెప్పించుకొని, తమ మెత్తని యినుమును కాచినట్లే తెల్లని వేడి వఱకు కాచి సమ్మెట వేయగా, అది దాగలిమీద పొడిపొడియై రాలినది. ఇది పనికిమాలిన లోహమని కొందఱు తలంచిరి. లోహములో తప్పేమియు లేదు. కర్బనమధికముగా గల ఉక్కు ఎక్కువ వేడిలో లోలోపల కరగనారంభించును. దానిని తక్కువ యెఱుపులో, ఓపికగా, చిన్న దెబ్బలతో సాగదీయవలెను. మన కమ్మరులకును, దమాస్కసు కత్తులు చేసినవారికిని ఆ మర్మము తెలియును. వారు దానిని వ్రాసి పెట్టకపోవుట మాత్రము మన దౌర్భాగ్యము.

మన కథలోని రేకు ఉక్కు దీనికి ఎదుటి కొసన నున్నది. దానిలో కర్బనము నూటికి పదవవంతు పాలుకూడ సాధారణముగా నుండదు. అది మెత్తనిది, సాగునది, అతుకునకు లొంగునది. కావున దానిని ఎట్లు కాచి ఎట్లు సాగదీసినను చెడదని చాలకాలము తలంచిరి.

రోలర్ల నడుమ లోహమును నొక్కు పద్ధతి, చెఱకు గానుగను చూచినవారికి కొత్తది కాదు. గానుగలో రసము కాఱిపోవును. ఇచ్చట కాఱునది లేదు కనుక, తగ్గిన మందమంతయు పొడవుగా సాగును. 17వ శతాబ్దాంతమున వేల్సులోని పాంటిపూలున హాన్‌బరీ అను యజమాని ఇనుపరేకులను రోలర్లలో సాగదీయించెను. 1783లో హెన్రీ కోర్టు అను ఆంగ్లేయుడు గాళ్ళు తీసిన రోలర్లలో ఇనుపకమ్మీలను సాగదీయు పద్ధతికిని, 1784లో దుక్క యినుమును మంటలో కలియబెట్టి మెత్తని యినుముగా మార్చు పద్ధతికిని హక్కుపత్రములు పొందెను. ఇంగ్లండు ఇనుప సంపదకు ఈ రెండును పునాదులని చెప్పుదురు. ఆయన బ్రతుకు మాత్రము వేఱుగా ముగిసినది. ఆయన వ్యాపారములో పెట్టిన పెట్టుబడి, భాగస్వామి తండ్రి నౌకాశాఖ ధనాగారమునుండి అక్రమముగా తీసిన సొమ్మని 1789లో బయటపడెను. దొరతనమువారు హక్కుపత్రములను స్వాధీనము చేసికొనిరి. కోర్టు దివాలా తీసెను. దేశములోని యినుప యజమానులెల్ల ఆయన పద్ధతిని ఉచితముగా వాడుకొని ధనవంతులైరి. ఆయన కొద్దిపాటి ఉపకారవేతనముతో కాలము గడపి 1800లో మరణించెను.

తరువాతి నూఱేండ్లును రేకు చేయుటలో దక్షిణ వేల్సువారే మేటులు. వారి పని ఎట్టిదో కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయన, తరువాత వచ్చిన చిక్కులన్నియు దానిలోనే దాగియున్నవి. పలుచని రేకు ఒంటిగా నుండిన క్షణములో చల్లాఱును. అందుచేత వారు ఒక ముక్కను కాచి, రోలర్లలో కొంత సాగదీసి, దానిని నడుమకు మడిచి మరల కాచెదరు. మరల సాగదీసి మరల మడిచెదరు. ఇట్లు ఎనిమిది పొరలు ఒక కట్టయగును. కట్ట లోపల వేడి నిలిచియుండును గనుక ఎనిమిది రేకులును ఒక్కమాఱుగా పలుచనగును. రోలరుకు ఈవల ఒకడు పట్టుకారుతో కట్టను అందించును. ఆవల నొకడు పట్టుకొని, రోలరు మీదుగా తిరిగి ఇచ్చును. దినమెల్ల ఇదియే పని. చల్లాఱిన పిమ్మట, ఒకదానికొకటి అంటుకొనియున్న రేకులను స్త్రీలు చేతులతో విడదీయుచుండిరి. అంచులు కత్తులవలె నుండును. ఆ స్త్రీల చేతులను తలచుకొనకుండ వేల్సు రేకు చరిత్రను చదువుట నాకు సాధ్యము కాదు.

వేడిని కొలుచు సాధన మక్కడ లేదు. మేస్త్రీ కన్నే కొలత. కట్టలో వెలుపలి రేకులు ముందు చల్లాఱును, నడిమివి వెనుక. ఉదయము కాచిన కట్టకును, మధ్యాహ్నము అలసిన చేతులతో ఆలస్యముగా నందించిన కట్టకును వేడి యొకటి కాదు. ఇంటి కప్పునకును, బిస్కట్టు డబ్బాకును ఆ రేకు చాలియుండెను. కాని మోటారు కార్లు వచ్చి, వాని చక్రములపై కప్పులను, గుండ్రని తలుపులను ఒక్క దెబ్బతో అచ్చులో నొక్కవలసి వచ్చినప్పుడు, ఒకే కట్టలోని ఒక రేకు అచ్చు ప్రకారము వంగుటయు, మఱియొకటి చినుగుటయు సంభవించెను. కారణము పనివానికిని తెలియదు, యజమానికిని తెలియదు.

కారణమునకు త్రోవ చూపిన పరిశోధన రేకుల కర్మాగారములో జరుగలేదు. రష్యాదేశపు ఫిరంగుల కర్మాగారములో జరిగినది. సెంటుపీటర్సుబర్గులోని ఒబుఖోవు కర్మాగారమున చేసిన పెద్ద ఉక్కు ఫిరంగులు కొన్ని పరీక్షలలో పగిలిపోవుచుండెను. 1866లో అచ్చట చేరిన దిమిత్రీ చెర్నోవు అను యువకుడు పగిలిన వాని ముక్కలను, నిలిచిన వాని ముక్కలను ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించెను. పగిలిన దాని ముఖము పెద్దపెద్ద పలుకులతో నిండియుండెను. నిలిచిన దానిలో సన్నని రవ యుండెను. పాళ్ళు రెంటిలోను ఒకటియే. ఉక్కు కాగునప్పుడు ఒకానొక వేడియొద్ద దాని లోపలి కూర్పు మాఱుననియు, ఆ వేడిని మించి చాల కాచి కొట్టక విడిచిన రవ పెరిగిపోవుననియు, ఆ వేడికి కొంచెము పైన పని ముగించిన రవ సన్నగా నిలుచుననియు ఆయన 1868లో పండితులయెదుట చెప్పెను. ఆయనకును ఉష్ణమాపకము లేదు. రంగులతోడనే ఆ వేడులను గుర్తించి, వానికి అక్షరములు పేర్లుగా పెట్టెను. ఆయన చూపు ఎంత ఖచ్చితమైనదో, సుమారు ఇరువదియేండ్లకు ఫ్రాన్సులో లె షటలియే కల్పించిన విద్యుదుష్ణమాపకముతో ఆస్మండు ఆ మార్పులను కొలిచినప్పుడు లోకమునకు తెలిసినది.

ఈ రవ యను మాటను మనవారికి వివరించుట కష్టము కాదు. పంచదార పాకమును కదల్పక, దారము వ్రేలాడదీసి, దినములకొలది మెల్లగా చల్లాఱనిచ్చిన కలకండ యగును. ఒక్కొక్క పలుకు గోలీకాయంత యుండును. ఆ పాకమునే వేగముగా కలియబెట్టుచు చల్లార్చిన సన్నని రవ యగును. ఉక్కును రోలరు నొక్కినప్పుడు లోపలి పలుకులు నలిగి, ఆ వేడిలో వానిచోట కొత్తవి చిన్నవి పుట్టును. వేడి యధికమై, వ్యవధి దొరికెనా, ఆ చిన్నవి ఒకదానినొకటి మ్రింగి పెద్దవగును. రోలరు నలుపుటకును, వేడి పెంచుటకును జరుగు ఈ పెనుగులాటలో ఎవరు గెలిచిరన్నదియే రేకు గుణమును నిర్ణయించును.

ఈ పెనుగులాటను మనుష్యుని స్వాధీనములోనికి తెచ్చిన యంత్రమును కల్పించినవాడు ఉక్కు మనిషి కాడు. జాన్ టైటస్ అను అమెరికావాసి కాగితపు మిల్లు గల కుటుంబములో పుట్టి, యేలు విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యము చదివెను. కాగితము ఒక కొసన గుజ్జుగా ప్రవేశించి రెండవ కొసన తెగని చుట్టగా వచ్చుటను చిన్ననాటినుండి చూచినవాడు. 1904లో ఒక రేకుల మిల్లులో సామాన్యపు కూలివానిగా చేరి, పట్టుకారులతో కట్టలను అటునిటు విసరుట చూచి, ఉక్కును కూడ కాగితమువలె ఏల నడపరాదని యోచించెను. చిక్కేమనగా, వెడల్పాటి రేకు వరుసగా అనేక రోలర్లలో పోవునపుడు ఒక ప్రక్కకు ఒరిగి చుట్టుకొనిపోవును. రేకు నడుమ వెండ్రుకవాసి మందముగా నుండునట్లు, ఆ మందము మెట్టుమెట్టునకు తగ్గునట్లు రోలర్లను చెక్కినచో అది తిన్నగా పోవునని ఆయన ఏండ్ల తరబడి కొలతలు తీసి కనుగొనెను. 1924లో కెంటకీ రాష్ట్రములోని ఆష్లండున ఆ మిల్లు నడచెను. 1926లో పెన్సిల్వేనియాలోని బట్లరున మఱియొకరు, సన్నని పనిరోలర్లకు వెనుక లావు రోలర్లను ఆనించి మెఱుగైన మిల్లును నిలిపిరి. నేటి మిల్లులన్నియు ఆ రెంటి సంతానమే.

వేల్సులోని ఎబూవేల్ పట్టణమున పాత ఉక్కు కర్మాగారము 1929లో మూతపడి ఊరెల్ల పనిలేక పస్తులున్నది. 1938లో అచ్చటనే బ్రిటనులో మొదటి తెగని రేకు మిల్లు తెఱచిరి. ఆ ఊరికి అన్నము దొరికినది. చుట్టుప్రక్కల లోయలలోని చేతిమిల్లులకు ఆయువు తీఱినది. అమెరికాలోను పదులవేలమంది చేతిమిల్లు పనివారు ఇట్లే పని కోల్పోయిరి. కొత్త మిల్లు రేకు మేలైనదనుట నిజమే. ఆ మేలునకు వెల యిచ్చినవారు వీరనుట కూడ నిజమే. ఎబూవేల్ కర్మాగారము సైతము 2002లో మూతపడినది.

ఇక నేటి మిల్లులో జరుగు పనిని చూతము. పది మీటర్ల పొడవు, 225 మిల్లీమీటర్ల మందము గల దిమ్మెను సుమారు 1,200 డిగ్రీల వఱకు కాచెదరు. దానిని రెండు మిల్లీమీటర్ల రేకుగా సాగదీసిన, వెడల్పు మాఱకున్న, పొడవు 1,125 మీటర్లగును. అనగా మన లెక్కలో కోసులో మూడవవంతునకు పైమాట. అది కడపటి రోలరునుండి గంటకు ముప్పది నలుబది కిలోమీటర్ల వేగముతో వెలువడును. ఆ కడపటి రోలరు దాటునప్పటి వేడియే మొదటి ముఖ్యమైన సంఖ్య.

ఇట్టి మెత్తని ఉక్కు చల్లాఱుచు సుమారు 870 డిగ్రీల ప్రాంతమున లోపలి కూర్పు మాఱనారంభించును. చెర్నోవు చెప్పిన మార్పు ఇదియే. దానికి కొంచెము పైన పని ముగిసిన, నలిగిన పలుకుల అంచులన్నిట కొత్త కూర్పు విత్తనములు పడి, రవ సన్నగాను సమముగాను వచ్చును. చాల పైన ముగించిన పలుకులు ముందే పెద్దవై యుండును. క్రిందికి జాఱనిచ్చి ముగించిన ఇంకను కీడు: అప్పటికే మాఱిన భాగము నలిగి, చుట్టలోని వేడికి అచ్చటచ్చట మిక్కిలి పెద్ద పలుకులుగా పెరుగును. అట్టి రేకును అచ్చులో నొక్కిన ముఖము కమలాపండు తొక్కవలె గరుకెక్కును, లేదా చినుగును. రేకు ఎంత పలుచనిదో అంత త్వరగా చల్లాఱును గనుక ఈ చిక్కు పలుచని రేకునకే యెక్కువ. దిమ్మె తోక, తల లోపలికి పోవువఱకు బయట వేచియుండి చల్లబడును. అందుచే 1960 తరువాతి మిల్లులలో, తల చుట్టకు తగులుకొనగానే వేగమును క్రమముగా పెంచు ఏర్పాటు చేసిరి.

రెండవది నీరు. రోలరునకును చుట్టునట్టి యంత్రమునకును నడుమ రేకు పరుగెత్తు దారిలో, పైనుండి తెరలు తెరలుగా నీరు విడుతురు. నీరెంత పడవలెనో రేకు మందమును, వేగమును బట్టి క్షణక్షణము మార్చెదరు. త్వరగా చల్లార్చిన విత్తనములెక్కువ పడి రవ మఱింత సన్నమగును. సన్నని రవ గల ఉక్కు గట్టిదని 1951లో హాలు, 1953లో పెచ్చి అను శాస్త్రజ్ఞులు ఇంగ్లండున లెక్కగట్టి చూపిరి. పలుకు అడ్డుకొలత నాలుగవవంతునకు తగ్గిన, పలుకుల సరిహద్దులవలన వచ్చు బలము రెట్టింపగును. గట్టిదనమును పెంచు ఉపాయములలో పెళుసుదనమును పెంచనిది ఇదొక్కటియే యని చెప్పవచ్చును.

మూడవది చుట్టునప్పటి వేడి. ఇరువది టన్నుల చుట్ట చల్లాఱుటకు రెండుమూడు దినములు పట్టును. కావున ఏ వేడిలో చుట్టిరో ఆ వేడి చాలసేపు పని చేయుచునే యుండును. 700 డిగ్రీలలో చుట్టిన రేకు మెత్తగా నుండును, కాని కర్బనపు సమ్మేళనము పెద్ద ముద్దలుగా కూడి, పైపొలుసు మందమై ఆమ్లములో కడుగుట కష్టమగును. 600కు దిగువ చుట్టిన గట్టిదగును. చుట్టలో లోపలి మెలికలును, బయటి మెలికలును నడిమివానికన్న ముందు చల్లాఱును. అందుచేత తెలివిగల మిల్లువారు రేకు తలను, తోకను కొంచెమెక్కువ వేడిగా చుట్టించెదరు. వేల్సువారి కట్టలో వెలుపలి రేకునకు పట్టిన గతియే ఇక్కడను తొంగిచూచుట గమనింపదగినది. యంత్రము మాఱినను, వెలుపలిది ముందు చల్లాఱు ధర్మము మాఱలేదు.

ఇంకొక్క చిత్రము చెప్పి ముందునకు పోయెదను. ఉక్కులో లేశమాత్రముగా నుండు నత్రజని రేకును నిలువయుంచిన కొలది ముసలిదానిని చేయును. అప్పుడు అచ్చులో నొక్కిన ముఖముపై వికారపు గీతలు తేలును. 1860లో లూడర్సు అను జర్మనుడు వర్ణించిన గీతలివి. నివారణకై కరగిన ఉక్కులో కొంచెము అల్యూమినియము కలిపిరి. అది నత్రజనిని పట్టియుంచును. అయితే ఎప్పుడు పట్టవలెను? ఆ రేకును తరువాత చల్లగా సాగదీసి, మూతకొలిమిలో మెల్లగా కాచునప్పుడు పట్టిన, పలుకులు లోతుగా నొక్కుటకు అనుకూలమైన వరుసలో తీరును. దానికై వేడి మిల్లులో ముందుగా పట్టకుండ, ఎక్కువ వేడిలో సాగదీసి తక్కువ వేడిలో చుట్టవలెను. తరువాత జపానువారు చుట్టను విప్పి పరుగెత్తించుచు నిమిషములలో కాచు పద్ధతిని వృద్ధిచేసిరి. దానికి ఇదే ఉక్కును ఎక్కువ వేడిలో చుట్టవలసి వచ్చెను! ఒకరికి దోషమైనది మఱియొకరికి గుణమైనది. వేడికి మంచిచెడ్డలు వాని తరువాతి పనినిబట్టియే కలుగును.

మన దేశమున జంషెడ్‌పురములో 1912లో ఉక్కు పుట్టినను, ఆ ప్రాంతమున మొదట రేకు చేసినది చేతిమిల్లులలోనే. స్వాతంత్ర్యానంతరము జర్మనీ సాయముతో ఒరిస్సాలోని రూర్కెలాలో రేకుకొఱకే యొక కర్మాగారమును నెలకొల్పిరి; దాని మొదటి బ్లాస్టుఫర్నేసును 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. తరువాత రష్యా సాయముతో బొకారో వచ్చినది. 1992లో జాతికి అంకితమైన మన విశాఖ కర్మాగారము కమ్మీలను, తీగలను చేయును గాని రేకును చేయదు. అయినను మూడు ప్రశ్నలును అచ్చటను అవియే: ఇంటి శ్లాబునకు వాడు కమ్మీ కడపటి రోలరు దాటగానే నీటిలో దూకి, పైపొర గట్టిపడి, లోపలి వేడిచే కొంత మెత్తబడును.

కడపట మన వంటయింటి సిలిండరు. మోటారు కారు రేకును వేడి మిల్లు తరువాత చల్లగా సాగదీసి, మరల కాచి, ముందటి దోషములను కొంత దిద్దుకొనుట కవకాశము కలదు. సిలిండరు ఉక్కునకు అట్టి రెండవ అవకాశము లేదు. వేడి మిల్లునుండి వచ్చిన రేకునే గుండ్రముగా కోసి, గిన్నెవలె లోతుగా నొక్కి, అట్టి రెండు గిన్నెలను నోటికి నోరు కలిపి అతుకుదురు. నడుము చుట్టును కానవచ్చు గీత ఆ యతుకే. రేకు అన్ని దిక్కులకు సమముగా సాగవలెను. సాగదీసిన దిక్కున ఒకరీతిగా, అడ్డముగా మఱియొకరీతిగా నుండరాదు. ఉక్కులో గంధకమున్నచో దాని మాలిన్యము రోలర్లలో దారములవలె సాగి అడ్డుబలమును తగ్గించును. అందుచే దానిని మిక్కిలి తగ్గించి పోతపోయుదురు. అతికిన పిమ్మట సిలిండరును కాచి లోపలి బిగువును పోగొట్టి, నీరు నింపి ఒత్తిడి పెట్టి పరీక్షించెదరు. వాడుకలోనున్న సిలిండరును కూడ నియమిత కాలమునకు మరల పరీక్షింపవలెను. పైపిడిని నిలుపు పట్టీలలో నొకదాని లోపలివైపు ఒక అక్షరమును, రెండంకెలును వ్రాసియుండును. ఎ అనగా మార్చి, బి అనగా జూను, సి అనగా సెప్టెంబరు, డి అనగా డిసెంబరు. అంకెలు సంవత్సరమును తెలుపును. మరల పరీక్షింపవలసిన గడువది. గడువు దాటిన సిలిండరు ఇంటికి వచ్చినచో తీసికొనక త్రిప్పి పంపుడు.